పొడి చీపురు

పన్నెండేళ్ళుగా రెండు మాటలను కక్కలేక మింగలేక బతుకుతున్నాను. పెద్ద మాటలేమీ కావు. ఒకసారి "చాలు" అన్నాను. ఇంకోసారి "లేదు" అన్నాను. ఆ రెండు మాటల వల్ల మా తోడికోడలు పోయింది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయడం లేదు. పేరు దాచుకుని తప్పు ఒప్పుకోవడం ఏం ఒప్పుకోవడం అని మీరు అడగొచ్చు. ఇది ఇదివరకు ఎన్నోసార్లు మొదలుపెట్టి చింపేశాను. ప్రతిసారీ రెండో పేజీకి వచ్చేసరికి నన్ను నేను సమర్థించుకోవడం మొదలుపెట్టేదాన్ని. ఈసారి కూడా అలా చేస్తానేమో. చేస్తే మీరే పట్టుకోండి.

మాది నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే దారిలో ఒక ఊరు. ఇంటి వెనక నుంచే మామిడితోట మొదలవుతుంది. బంగినపల్లి కాయగా ఉండగానే లారీ ఎక్కిపోతుంది. చిన్నరసాలను మాత్రం మా మామగారి కాలం నుంచి ఇంట్లోనే వరిగడ్డిలో మాగబెట్టి, పండయ్యాకే ఇస్తాం. కార్బైడు మా గడప తొక్కలేదని ఆ ఇంటికి ఒక గొప్ప. నేను ఆ ఇంటి చిన్నకోడలిని. నూజివీడులో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. మా ఆయన ఉద్యోగం ఏలూరులో, వారానికొకసారి వస్తారు. ఇల్లు, తోట, వంట, బంధువులు, పండ్ల గది, అన్నీ పెద్దకోడలి చేతిమీదుగా నడిచేవి. నేను ఆమెను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లీ అనేది. ఆమె భర్త మా బావగారు. వాళ్ళకి ఒక్కతే కూతురు, శ్రావణి. నాకు పిల్లలు లేరు.

కొత్త ఇల్లు కట్టినప్పుడు బావగారు పండ్లు మాగబెట్టడానికని ఇంటి కింద ఒక గది తవ్వించారు. మా స్థలం వాలుగా ఉంటుంది కాబట్టి ఒకవైపు గోడ పూర్తిగా ఎర్రమట్టిలో ఉంటుంది, రెండోవైపు ఆరు మెట్లు దిగితే తలుపు వస్తుంది. పైన ఇల్లు పూర్తయింది, గృహప్రవేశం కూడా అయిపోయింది. కిందగది మాత్రం సగంలో ఆగిపోయింది. ఇటుకలకి ప్లాస్టరింగు లేదు. నేలకి గచ్చు లేదు, గ్రావెల్ పోసి దిమ్మిస కొట్టి వదిలేశారు. వచ్చే ఏడు చేయిద్దాం అనుకోవడం, వచ్చే ఏడు ఇంకేదో పని మీదపడడం.

మొదటి సీజను పండ్లు బాగానే మాగాయి. సీజను అయ్యాక ఆ గడ్డి తీసెయ్యడం ఎవరికీ గుర్తులేదు. ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. వాలు మీది నీళ్ళు దిగి మట్టివైపు గోడంతా చెమ్మ పట్టింది. వెంటిలేటర్లలో గోనెపట్టాలు కుక్కి ఉన్నాయి, గాలి ఆడే దారి లేదు. మళ్ళీ కోతలకు ముందు తలుపు తీసేసరికి గోడ మీద అరచేతులంత నల్ల మచ్చలు, గడ్డి నిండా బూడిద రంగు బూజు. బావగారు కాలితో ఒక గడ్డి చుట్టను తోస్తే పొగలా దుమ్ము లేచింది. ఆ వాసన ఇప్పటికీ నాకు తెలుసు. పాత అటకలు తెరిచినప్పుడు వచ్చే వాసన, దానికి ఇంకొంచెం తియ్యదనం.

"అమ్మాయ్, నువ్వు చదువుకున్నదానివి. దీన్ని ఎట్టా వదిలించాలో కనుక్కుని మీ అక్కకి చెప్పు" అన్నారు బావగారు.

కనుక్కున్నాను. ఇది గుర్తుపెట్టుకోండి, నేను కనుక్కున్నాను. తెలియక చేసిన పని కాదు. కాలేజీలో కంప్యూటరు ముందు ఒక పూటంతా కూర్చున్నాను. బాటనీ చెప్పే మేడమ్‌ని అడిగితే ఆవిడ కళ్ళజోడు తీసి మరీ చెప్పింది, బూజు పట్టిన గడ్డి దుమ్ము పీలిస్తే మామూలు దగ్గుతో పోదు, ఊపిరితిత్తులు బిగుసుకుపోతాయి, పశువుల మేత దగ్గర పనిచేసేవాళ్ళకి వస్తూ ఉంటుంది అని. చేతికందిన ఒక ప్రీఫైనల్ ప్రశ్నపత్రం వెనక్కి తిప్పి అన్నీ రాసుకున్నాను. ముందు నీళ్ళు వచ్చే దారి మూసెయ్యాలి, లేకపోతే ఎంత కడిగినా మళ్ళీ వస్తుంది. వెంటిలేటర్లు, తలుపు తెరిచి ఉంచాలి. ముక్కుకి చీర కొంగు పనికిరాదు, సన్నటి దుమ్ము ఆపే మాస్కు కావాలి. పొడిగా ఊడవకూడదు, ఫ్యాను పెట్టకూడదు. సబ్బునీళ్ళు చిలకరించి గడ్డిని తడిపాకే కదిలించాలి. తడి గడ్డిని సంచుల్లో మూతికట్టి బయటికి చేర్చాలి. బ్లీచింగు పౌడరులో యాసిడ్ కలపకూడదు. బూజు మీద సున్నం కొట్టి అయిపోయిందనుకోకూడదు. ఏలూరు నుంచి వస్తూ హనుమాన్ జంక్షన్‌లో పెయింట్ల షాపు దగ్గర బస్సు దిగి రెండు మాస్కులు కూడా కొన్నాను. ఆ మాస్కులూ ఆ కాగితమూ నా హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి. ఆ ఆదివారం కూడా అందులోనే ఉన్నాయి.

ఆ ఆదివారం గురించి చెప్పాలి. చెబితే మీకు నవ్వొస్తుంది. నాకే ఇప్పుడు నవ్వొస్తుంది, ఒక్కోసారి.

అక్క పుట్టింటివాళ్ళు ఆరేడుగురు భోజనానికి వచ్చారు. ఆవకాయ జాడీ తీస్తే పైన తెల్లగా బూజు కట్టి ఉంది. అంతకుముందు వారం తడి గరిటె పెట్టింది నేనే. అక్క నవ్వుతూ "మా చెల్లి చెయ్యి పడితే ఆవకాయకి కూడా బూజే" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంతలో ఆమె మేనత్త ఒకావిడ, విస్తరి మీద నుంచి తలెత్తకుండా, "కొందరి చెయ్యి అచ్చిరాదులే అమ్మా, ఏది పట్టుకున్నా నిలవదు" అంది. అప్పటికి నాకు రెండుసార్లు కడుపు పోయింది. ఆ గదిలో ఉన్న ఆడవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. నేను అక్క వైపు చూశాను. ఆమె ఏదో ఒకటి అంటుందనుకున్నాను. ఆమె పెరుగు వడ్డిస్తూ అటు వెళ్ళిపోయింది.

వినలేదేమో. పన్నెండేళ్ళలో నేను ఎక్కువసార్లు వేసుకున్న ప్రశ్న ఇదే. విని ఊరుకుందా? వినలేదా? వినకపోయి ఉంటే నేను చేసినదానికి ఆ చిన్న సాకు కూడా మిగలదు. విని ఊరుకుందనే అనుకోవాలని నాలో ఒకటి పట్టుబడుతుంది. అది ఎంత నీచమైన కోరికో తెలిసి కూడా.

మా ఇంట్లో ఒక ఆచారం ఉంది. మొదటి కోత చిన్నరసాలకు గడ్డి పరిచేది పెద్దకోడలే. తలస్నానం చేసి, పండ్ల గది తనే శుభ్రం చేసుకుని, తనే గడ్డి పరుస్తుంది. పనివాళ్ళని రానివ్వరు. మొదటి కాయ గడ్డిలో పెట్టేదాకా ఆ గది తలుపు తెరిచి ఉంచరు, దిష్టి తగిలి పండు మచ్చ పడుతుందని నమ్మకం. పాత ఇంట్లో ఆ గది పెంకుల కింద ఉండేది. పెంకుల సందుల్లోంచి గాలి, వెలుగు వచ్చేవి. ఆ ఆచారం వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. అదే ఆచారాన్ని ఎవరూ ఆలోచించకుండా నేల కిందికి తెచ్చారు.

వంటింట్లో నేను గిన్నెలు సర్దుతున్నాను. అక్క చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, కొత్త కొబ్బరి చీపురు చేతపట్టుకుని వచ్చింది.

"చెల్లీ, రేపు పొద్దున కిందగది చూస్తాను. మీ బావగారు నిన్నడిగి చెయ్యమన్నారు. మామూలుగా ఊడిస్తే చాలా, ఇంకేమన్నా చెయ్యాలా?"

నా బ్యాగు డైనింగ్ టేబుల్ మీద ఉంది. చెయ్యి చాపితే అందుతుంది.

"చాలక్కా" అన్నాను.

"తలుపు వేసుకుంటే ఊపిరాడుద్దా?"

"మామూలు బూజేగా. ఏం కాదు."

అంతే. నేను ఆమె చావును కోరుకోలేదు. దేవుడి మీద ఒట్టు వేసి చెప్పగలను. రెండు రోజులు దగ్గాలి, కళ్ళు మండాలి, చేతకాని చెయ్యి నా ఒక్కదానిదే కాదని తెలియాలి, అంతవరకే అనుకున్నాను. అంతవరకే అన్న మాట ఎంత హాయిగా ఉందో చూశారా? ఇదిగో, సమర్థించుకోవడం మొదలైంది. బాటనీ మేడమ్ రెండు రోజుల దగ్గు అని చెప్పలేదు. బిగుసుకుపోతాయి అని చెప్పింది. ఆ మాట నా దస్తూరీతో నా కాగితం మీదే ఉంది.

మర్నాడు పొద్దున నేను కాలేజీకి వెళ్ళేటప్పుడు కిందగది తలుపు వేసి ఉంది. లోపల నుంచి చీపురు చప్పుడు, మధ్యమధ్యలో దగ్గు. మెట్ల దగ్గర ఆగాను. బస్సు హారను వినపడింది, వెళ్ళిపోయాను. ఆ బస్సు పోతే ఇరవై నిమిషాల్లో ఇంకోటి ఉంది.

సాయంత్రానికి ఆమెకి వణుకుతో జ్వరం వచ్చింది. రెండో రోజు కూడా వెళ్ళి మిగిలింది ఊడ్చింది, మళ్ళీ జ్వరం. మూడో రోజుకి తగ్గింది. ఎండదెబ్బ అనుకున్నారు. నాకు భయం వేసింది, తగ్గగానే భయం పోయింది. తర్వాత రెండ్రోజులకొకసారి గడ్డి తిరగేసి పండిన పండు ఏరడానికి వెళ్ళేది. వెళ్ళిన సాయంత్రం ఒళ్ళు వెచ్చబడేది, పొడి దగ్గు వచ్చేది. పైపైన ఊడ్చిన గోడ అది, బూజు ఎక్కడికీ పోలేదు. కొత్త గడ్డికి కూడా పట్టింది. సీజను అయిపోయాక దగ్గు తగ్గింది. మళ్ళీ సీజను వచ్చేసరికి మెట్లెక్కితే ఆయాసపడడం మొదలైంది.

ఊళ్ళో డాక్టర్ల దగ్గర తిరిగాం. చివరికి బెజవాడలో ఊపిరితిత్తుల డాక్టరు ఒకాయన దగ్గరికి అక్కని తీసుకెళ్ళాం, బావగారూ నేనూ. ఇంగ్లీషు రిపోర్టులు చదువుతానని నన్ను రమ్మన్నారు. ఆ డాక్టరు ఓపిగ్గా అడిగాడు. స్కానింగు ఫిల్ము లైటుకి పెట్టి చూశాడు. ఇంట్లో పావురాలు పెంచుతున్నారా అన్నాడు. లేదన్నాం. తర్వాత అడిగాడు.

"బూజు పట్టిన గడ్డి, ధాన్యం, అలాంటివాటి మధ్య పనిచేస్తారా అమ్మా?"

అక్క నోరు తెరిచింది. తర్వాత నా వైపు తిరిగింది. ఆయాసంతో ఆమె అప్పటికే చిన్న చిన్న మాటలే మాట్లాడేది.

"మా చెల్లి చెప్పుద్దండి. దానికి తెలుసు" అంది.

అవును, నాకు తెలుసు. బావగారు పక్కనే నిలబడి ఉన్నారు. అవునని అంటే తర్వాత ప్రశ్న ఆయన నుంచి వస్తుంది. నీకు చెప్పానుగా అమ్మాయ్, కనుక్కోలేదా? కనుక్కుని చెప్పలేదా? ఆ ప్రశ్న నా చెవుల్లో ముందే వినపడింది. దానికి ఎదురుగా నిలబడడం నా వల్ల కాలేదు.

"లేదండి" అన్నాను. అక్కడితో ఆగి ఉంటే కూడా బాగుండేది. డాక్టరు ఇంకా నా వైపే చూస్తున్నాడు, ఏదో ఒకటి చెప్పాలనిపించింది. "తోటలో మందులు కొడతారండి. పూత మీద, తేనెమంచు పురుగుకి. ఆ బట్టలతోనే ఇంట్లోకి వస్తారు."

తోటలో మందు కొట్టేది బావగారే. కూలీలు కొట్టిన మందు ఆకు కింద పడదని పంపు తనే భుజాన వేసుకునేవారు. నేను ఆయన వైపు చూడలేదు. చూడకపోయినా తెలిసింది, ఆయన కుర్చీ పట్టుకున్నారు.

అక్క నన్నే చూస్తోంది. ఆమె చూపులో అనుమానం లేదు. అదే నేను మర్చిపోలేనిది. చదువుకున్న చెల్లెలు చెప్పింది కాబట్టి అదే నిజమని ఆమె నమ్మింది. తన చేతులతో ఊడ్చిన గడ్డి తనకి గుర్తుండదా? గుర్తుంటుంది. కానీ నేను "మామూలు బూజేగా" అన్నాను కదా, ఇక ఆ గడ్డికీ జబ్బుకీ సంబంధం ఏముంటుంది ఆమెకి?

డాక్టరు తన పని తను చేశాడు. చెప్పినదాన్ని బట్టి మందులు రాశాడు. తోట వైపు వెళ్ళొద్దు, ఇంటిపట్టునే ఉండండి అన్నాడు. మేము అలాగే చేశాం. ఇంటిపట్టునే ఉంచాం. తోట వైపు కిటికీలు మూశాం. ఆమె పడుకునే గది కిందగదికి సరిగ్గా పైన. పొలం పని, తోట పని లేక, ఊరికే కూర్చోలేక, నీడపట్టున చేసుకునే పని కదా అని, అక్క రోజూ కిందగదిలోకి దిగేది. గడ్డి సర్దుతూ అక్కడే కూర్చునేది.

మీరు అడగబోయేది నాకు తెలుసు. ఆపలేదా? ఒకసారి ఆపాను. "మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, దిగకక్కా" అన్నాను. "ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుద్ది చెల్లీ" అంది. ఒకరోజు ఎవరూ లేనప్పుడు వెంటిలేటర్లలోని గోనెపట్టాలు పీకేశాను. సాయంత్రానికి ఎవరో మళ్ళీ కుక్కేశారు. ఇంకోరోజు మాస్కు తీసి చేతిలో పట్టుకుని మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. ఇప్పుడు మాస్కు ఇస్తే అప్పుడెందుకు ఇవ్వలేదంటారు. నిజం చెప్పడానికి ఒక గడువు ఉంటుందని, అది దాటిపోయిందని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఆమె బతికి ఉన్న ప్రతి రోజూ ఆ గడువు ఉంది.

తర్వాతి ఎండాకాలం రాకుండానే అక్క పోయింది. శ్రావణికి పదమూడేళ్ళు.

ఆ పిల్లని నేను పెంచాను. జడలు వేశాను, లెక్కలు చెప్పాను, పెద్దమనిషైనప్పుడు పక్కన కూర్చున్నాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. కన్నతల్లి కూడా ఇంత చెయ్యదు అన్నారు. అప్పుడు నేను తల వంచుకునేదాన్ని, వినయం అనుకునేవాళ్ళు. దాని మీద నా ప్రేమ అబద్ధం కాదు. అదే నన్ను ఎక్కువ భయపెడుతుంది. నేను చేసిన పాపానికి నాకు శిక్ష పడలేదు సరికదా, కూతురు దొరికింది.

శిక్ష బావగారికి పడింది. దినాలు అయిన మర్నాడే పంపు తీసుకెళ్ళి పాత బావిలో పడేశారు. తోట కౌలుకిచ్చేశారు. అప్పటి నుంచి ఆయనకి ఒక అలవాటు. అన్నానికి ముందు పెరటి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటారు. మోచేతుల దాకా సబ్బు రాసి కడిగి, తుడుచుకుని, రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వెళ్ళి కడుక్కుంటారు. మూడుసార్లు, నాలుగుసార్లు. అన్నం చల్లారిపోతుంది. ఏటా అక్క ఆబ్దికం రోజు, వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, నన్ను ఒకటే అడుగుతారు. "ఆ మందు వల్లే కదమ్మాయ్?" నేను తల ఊపుతాను. పదేళ్ళు అలా ఊపాను. ఒక మనిషి తన భార్యను తన చేతులతో చంపుకున్నానని నమ్ముతుంటే, కాదని చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషిని నేను, ఆయనకి అన్నం వడ్డిస్తూ చూస్తూ ఉన్నాను.

ఈ ఏడు శ్రావణి, దాని భర్త వచ్చి తోట మళ్ళీ మనమే చేద్దాం అన్నారు. గడ్డిలో మాగిన చిన్నరసం అంటే ఇప్పుడు జనం వెతుక్కుంటున్నారట. సంక్రాంతి వెళ్ళిన నెలకి శ్రావణి కిందగది తాళం తీసింది. పదేళ్ళ నాటి గడ్డి అందులోనే ఉంది. నేను వంటింటి కిటికీలోంచి చూశాను, అది చున్నీ ముక్కుకి చుట్టుకుని, చేతిలో చీపురుతో మెట్లు దిగుతోంది. ఎప్పుడు పరిగెత్తానో తెలియదు. చెయ్యి పట్టుకుని బయటికి లాగాను. గాజు పగిలి దాని మణికట్టు గీరుకుంది.

"ఏంటి పిన్నీ, ఏమైంది?" అంది భయపడిపోయి.

"పొడిగా ఊడవకూడదే. నేను చేస్తాను. నువ్వు రాకు" అన్నాను.

పనంతా నేనే చేశాను. కూలీలతో మట్టివైపు గోడ బయట కాలవ తీయించి నీళ్ళు పక్కకి మళ్ళించాను. వెంటిలేటర్లు తెరిచి, తలుపు తీసి రెండు రోజులు గాలి ఆడనిచ్చాను. మాస్కు, కళ్ళద్దాలు, చేతులకి తొడుగులు వేసుకున్నాను. సబ్బునీళ్ళు పూలమొక్కల స్ప్రేయరుతో చిలకరించి, గడ్డి బాగా నానాక నెమ్మదిగా యూరియా సంచుల్లోకి ఎత్తి, మూతికట్టి, తోట చివర గోతిలో పూడ్పించాను. ఇటుకలు తడిపి బ్రష్షుతో రుద్దాను. పైకి వచ్చే ముందు మెట్ల దగ్గరే చీర మార్చుకుని, దాన్ని విడిగా ఉతికాను. మూడు పొద్దులు పట్టింది. కష్టమైన పనేమీ కాదు. ఎవరైనా చెయ్యగలరు, చెప్పేవాళ్ళుంటే. గోడ మూల తడి గడ్డి కింద ఒక కొబ్బరి చీపురు దొరికింది, పుల్లలన్నీ నల్లబడిపోయి. దాన్ని సంచిలో వెయ్యడానికి నాకు చాలాసేపు పట్టింది.

"ఎట్టా చెయ్యాలో రాసి తలుపుకి అంటించు పిన్నీ, రేపు పనివాళ్ళకి కూడా చెప్పాలిగా" అంది శ్రావణి.

కొత్త కాగితం మీద రాయొచ్చు. అయిదు నిమిషాల పని. నేను బీరువా తెరిచి, చీరల అడుగు నుంచి పాత కాగితం తీశాను. ప్రీఫైనల్ ప్రశ్నపత్రం, వెనక నా దస్తూరీ. ఒకవైపు నేను కనుక్కున్నదంతా ఉంది. రెండోవైపు, పైన, కాలేజీ పేరు కింద నెల, సంవత్సరం అచ్చు వేసి ఉన్నాయి, అక్క ఆ గది ఊడ్చిన ఏడాదివి. తలుపుకి అంటించేటప్పుడు పై అంచుకి మాత్రమే టేపు వేశాను. నాలుగు మూలలా వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదో నాకు తెలుసు. నోటితో చెప్పే ధైర్యం లేని మనిషి ఇలాంటి దొంగదారులు వెతుక్కుంటుంది.

సాయంత్రం బావగారు గది చూడడానికి దిగారు. ఆయనకి ఏ కాగితం కనపడినా చదివే అలవాటు, పకోడీలు కట్టిన కాగితం కూడా వదలరు. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో మాటా చదివారు. నేను పై మెట్టు మీద నిలబడి ఉన్నాను. గాలికి కాగితం కింది అంచు లేచింది. ఆయన దాన్ని వేళ్ళతో పట్టుకుని వెనక్కి తిప్పారు. అచ్చు వేసిన సంవత్సరం మీద వేలు పెట్టారు.

"ఇది మీ అక్కకి చూపించావా అమ్మాయ్?"

"లేదు బావగారూ."

"ఆ డాక్టరు అడిగినప్పుడు నీకు గుర్తులేదా?"

"గుర్తుంది. గుర్తుండే చెప్పలేదు. మందు వల్ల కాదు బావగారూ. మీ వల్ల కాదు."

ఎందుకని ఆయన అడగలేదు. అడిగితే ఆవకాయ జాడీ సంగతి చెప్పాల్సి వచ్చేది, చెబుతుంటే అది ఎంత చిన్నదో ఇద్దరికీ వినపడేది. కాగితం తలుపు మీద నుంచి తీసి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నారు. నన్ను దాటుకుని పైకి వెళ్ళిపోయారు.

ఇది జరిగి నాలుగు రోజులైంది. ఆయన నాతో మాట్లాడడం లేదు. మాట్లాడతారని నేను అనుకోవడం లేదు, మాట్లాడాలని అడిగే హక్కు కూడా నాకు లేదు. శ్రావణికి ఆయన చెప్పలేదు. దానికి చెప్పాల్సింది నేనే. అది రేపు మళ్ళీ వస్తుంది. పిన్నీ అంటూ నేరుగా వంటింట్లోకే వస్తుంది. ఇది రాసింది కూడా, దాని ముందు నోరు పెగలకపోతే ఈ కాగితాలైనా చేతిలో పెట్టొచ్చని. ఈసారి అంచుకి టేపు వేసి తప్పుకోను. చదివినంతసేపూ ఎదురుగా కూర్చుంటాను.

తేలిగ్గా ఉంది అని రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ తేలిగ్గానే ఉంది. అక్క తిరిగి రాదు, నన్ను క్షమించగలిగింది ఆమె ఒక్కతే, ఆ దారి మూసుకుపోయింది. అయినా నిన్న రాత్రి నిద్ర పట్టింది.

నిన్న మధ్యాహ్నం బావగారు పెరట్లోకి వెళ్ళి కుళాయి తిప్పారు. నేను అన్నం గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఆయన చేతులు కడుక్కున్నారు, తువ్వాలుతో తుడుచుకున్నారు, రెండడుగులు వేసి ఆగారు. అరచేతులు తిప్పి చూసుకున్నారు. వెనక్కి వెళ్ళలేదు. లోపలికి వచ్చి పీట మీద కూర్చున్నారు. నేను వడ్డించాను. ఆయన నా వైపు చూడలేదు. అన్నం ఇంకా వేడిగానే ఉంది.